గుంట లేని ఇల్లు

ఏకాంబరం మేస్త్రి తన పెండ్లాం మగ్గాన్ని గొడ్డలితో నరికి పొయ్యిలో పెట్టి, మర్నాడే ఆమెను తిరుత్తణి బస్సు ఎక్కించేశాడని మా వైపు చెప్పుకుంటారు. నీళ్ళ ట్యాంకరు దగ్గర దేవసేనక్క ఈ మాట చెప్పేటప్పుడు గొడ్డలి ఎంత పొడవుందో చెయ్యి చాపి చూపిస్తుంది. పొన్నేరి సంతలో చెప్పేవాళ్ళు ఇంకొంచెం కలుపుతారు. తాగి ఉన్నాడంటారు. మగ్గం మీద సగం నేసిన చీర ఉండగానే నరికాడంటారు. తాగే అలవాటు ఆయనకు లేదు. చీర మాత్రం నిజంగానే ఉండింది.

మా నేతవాళ్ళలో మగ్గం కొయ్యను పొయ్యిలో పెట్టరు. విరిగిపోతే అటక మీద దాచుతారు, లేదంటే ఇంకో మగ్గానికి ఇస్తారు. పుచ్చిపోతే చెదలకు వదిలేస్తారు. అన్నం వండే నిప్పులో మాత్రం వేయరు. వేసిన మనిషికి పెండ్లి పిలుపు రాదు, ఆ చేతితో పడుగు ముట్టనివ్వరు. అందుకే ఏకాంబరం మామను ఇప్పుడు మావాళ్ళెవరూ పిలవరు. పని ఉంటే పిలుస్తారు. గోడ పగిలితేనో మెట్టు కుంగితేనో ఆయనే కావాలి. పని అయినాక చెంబుతో నీళ్ళిచ్చి, వాకిట్లో నుంచే పంపించేస్తారు.

ఆయన మా వరసలో చివరి ఇంట్లో ఉంటాడు. మాది దాని పక్కది. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను కాబట్టి, చూసినది రాస్తాను.

మా పాత వీధి పళవేర్కాడు ఉప్పునీళ్ళ సరస్సుకూ సముద్రానికీ నడుమ సన్నటి ఇసుక మేడు మీద, దిబ్బ లాంటి చోట ఉండేది. చేపలు పట్టేవాళ్ళ ఇళ్ళు ఎక్కువ, నేతవాళ్ళ ఇళ్ళు నాలుగే. నీళ్ళు సముద్రం మీద నుంచి దూకుతాయని బయటివాళ్ళు అనుకుంటారు. మా ఇళ్ళలోకి అవి మగ్గం గుంటలో నుంచి వచ్చేవి. మాది గుంట మగ్గం. నేలలో రెండున్నర అడుగుల గుంట తవ్వి, అందులోకి కాళ్ళు దించి, నేల అంచున కూర్చొని నేస్తారు. కార్తీకంలో ఒక ఉదయం ఏకాంబరం మామ పెండ్లాం గోవిందమ్మత్త కాళ్ళు దించబోతే గుంటలో తన ముఖం కనబడేది. అప్పటికి అల ఇంకా రెండు ఫర్లాంగుల దూరంలో ఉండేది.

ఏకాంబరం మామ కూడా నేతవాళ్ళ బిడ్డే. పదిహేనేళ్ళ వయసులో, వాళ్ళ నాయన గుంట వరసగా మూడు నెలలు నీళ్ళతో నిండి ఉంటే, మగ్గం వదిలి తాపీ పట్టుకున్నాడు. పొన్నేరిలో రైలెక్కి మద్రాసు పోయి ఎవరెవరికో మేడలు కట్టి, శనివారం సాయంత్రానికి తిరిగి వచ్చేవాడు. ఆయన వదిలేసిన మగ్గం మీదికి పెండ్లయి వచ్చిన గోవిందమ్మత్త ఎక్కింది. నలభై ఏళ్ళు ఆమె దిగలేదు. నాకు గుర్తున్నంత వరకు ఆమె నడుము పైన మాత్రమే కనబడే మనిషి. లేచి నిలబడితే ఇంత పొడుగా అనిపించేది.

ప్రతి ఏటా వానలు ఆగినాక మామ వీధిలో ఇళ్ళన్నిటికీ నేల ఎత్తు చేసేవాడు. ఇసుక పోసి, ఇటుక పరిచి, పైన సిమెంటు. నేల లేస్తుంది గానీ గుమ్మం లేవదు కదా. మా ఇంట్లో ఆరుసార్లు ఎత్తు చేసినాక మా నాయన వంగి వచ్చి వంగి పోయేవాడు. ఆ వీధి ఆడవాళ్ళు వేరే ఊళ్ళలో ఎత్తయిన గుమ్మాల కింద కూడా తల వంచేవాళ్ళు. ఆ అలవాటు మా అమ్మకు ఇప్పటికీ పోలేదు. తన ఇంట్లో నేల ఎత్తు చేసినప్పుడల్లా మామ పాత గుంటను పూడ్చి, కొత్త ఇసుకలో మళ్ళీ అంతే లోతు గుంట వదిలేవాడు. అత్త కాళ్ళు దించి చూసి తల ఊపితేనే అంచు పూసేవాడు.

పెద్ద తుఫాను వచ్చి సముద్రం వైపు పన్నెండిళ్ళు పోయినాక, మద్రాసు నుంచి ఒక సంస్థ వాళ్ళు వచ్చారు. మేడు వెనకాల గవర్నమెంటు ఇచ్చిన స్థలంలో ఇరవై రెండు ఇళ్ళు కడతామన్నారు. ఇళ్ళు గీసి ఇచ్చే మనస్వి అనే అమ్మాయి కూడా వచ్చింది. అప్పటికి నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసి ఇంట్లోనే ఉన్నాను. ఖాళీగా ఉన్నాను కాబట్టి ఆమె కొలతలు తీసేటప్పుడు టేపు ఒక కొస నా చేతికిచ్చేది.

అంతకు ముందు వచ్చిన ఆఫీసరు జీపులో నుంచే చూసి వెళ్ళాడు. ఈమె చాప మీద కూర్చొని అందరినీ అడిగింది. వల ఎక్కడ ఆరేస్తారు, చేపలు ఎక్కడ ఎండబెడతారు, ఆడవాళ్ళు స్నానానికి ఎక్కడికి పోతారు, నీళ్ళు వస్తే మొదట ఏం పట్టుకొని పరుగెత్తుతారు. చేపల చిన్నస్వామి తాత, రేషన్ కార్డు అన్నాడు. ఆయన భార్య వెనక నుంచి, "నన్ను కాదంట, విన్నారా" అన్నది. మనస్వి నవ్వి, అది కూడా రాసుకుంది.

ఆమె గీసిన ఇల్లు బాగుండింది. ఏడడుగుల పిల్లర్లు, వాటి మీద ఇల్లు. కింద గోడలుండవు, నీళ్ళు వస్తే పిల్లర్ల మధ్య నుంచి దారి చూసుకొని వెళ్ళిపోతాయి. నీళ్ళు లేనప్పుడు అక్కడే వలలు ఆరేసుకోవచ్చు. మెట్లు పడమటి వైపు. కప్పు సగం స్లాబు, సగం పెంకు, స్లాబు మీదికి నిచ్చెన. ఉప్పు గాలికి కొయ్య నిలవదని తలుపులు రేకువి, కిటికీలు సిమెంటువి పెట్టింది. ఎదురెదురుగా రెండు పెద్ద కిటికీలు, గాలి ఇటు నుంచి అటు పోతూనే ఉండాలి. మా పాత ఇళ్ళలో గోడలు నడుము ఎత్తు వరకు చెమ్మ పట్టి ఉండేవి, పిల్లలకు దగ్గు పోయేది కాదు. ఇంట్లో చెమ్మ అనేదే ఉండకూడదని ఆమె పట్టుదల.

కట్టేవాళ్ళకు పెద్దగా ఏకాంబరం మామను పెట్టుకుంది. మగ్గాలున్న ఇళ్ళకు ఒక గది పెద్దదిగా గీస్తాను, కొలతలు ఇవ్వండి అన్నది. ఆ కొలతలు తీసిన రోజు టేపు నా చేతిలోనే ఉంది. గోవిందమ్మత్త గుంటలో కూర్చొని నేస్తూనే ఉంది, మేము ఆమె చుట్టూ తిరుగుతూ కొలిచాము. పొడవు, వెడల్పు, నేల మీద నుంచి ఎత్తు. మామ మూడింటినీ ఒక చీటీ మీద రాసి మనస్వికి ఇచ్చాడు. గుంట లోతు రాయలేదు. దాచాలని కాదు. మా లెక్కలో మగ్గం నేల దగ్గర మొదలవుతుంది. గుంట మగ్గంలోది కాదు, భూమిలోది. ఇంటికి కిటికీ కావాలని చెప్తాము గానీ కింద భూమి కావాలని ఎవరూ చెప్పరు. నాలుగు నేత ఇళ్ళలో పెద్దవాళ్ళంతా ఆ చీటీ చూశారు. ఎవరికీ తట్టలేదు. టేపు పట్టుకున్న నాకూ తట్టలేదు.

పదకొండు నెలలకు ఇళ్ళు అయినాయి. మిగతా మూడు నేత ఇళ్ళవాళ్ళు ఈలోపే మగ్గాలు అమ్మేసి, కొడుకులను గుమ్మిడిపూండి కంపెనీలకు పంపించారు. గోవిందమ్మత్త మాత్రం తన మగ్గాన్ని విప్పి, కొయ్యలు కట్టలు కట్టి, మనుషుల చేత మోయించి మెట్లెక్కించింది. కట్టలు దింపినాక ఆమె గది మధ్యలో నిలబడి కింద చూసింది. నున్నటి సిమెంటు. చెప్పులు విడిచి కాలితో ఒకసారి రాసి చూసింది.

"గుంట యాడ?" అన్నది.

మోసుకొచ్చిన వాళ్ళలో ఒకడు నవ్వాడు. ఆ తరువాత ఎవరూ నవ్వలేదు. మామ కట్టలకు కట్టిన తాడు విప్పుతున్నవాడు విప్పడం ఆపేసి, అట్లాగే కూర్చున్నాడు.

మనస్వికి ఫోను చేస్తే మూడో నాడు వచ్చింది. నేల మీద కూర్చొని తన కాగితాలన్నీ పరిచింది. అందులో మామ రాసిన చీటీ కూడా ఉంది. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుంది. మామే అన్నాడు, "నువ్వు అడిగినావు తల్లీ. చెప్పంది నేను." స్లాబు కోసి కింద తొట్టిలాగా వేలాడదీస్తే అని ఆయన అడిగితే, కమ్మీలు తెగితే ఇల్లే నిలవదని ఆమె చెప్పింది. అది ఆయనకూ తెలుసు. గుంట అక్కర్లేని స్టాండు మగ్గం పెట్టుకోవచ్చు కదా, పెద్దమ్మా, అని ఆమె అత్తను అడిగింది. అత్త కాదనలేదు. ఆరణిలో చుట్టాల ఇంట్లో రెండు దినాలు బెంచీ మీద కూర్చొని నేసి చూసి వచ్చింది. ఎట్లా ఉందని మా అమ్మ అడిగితే, "నా కాళ్ళు ఎవరో పక్కింటామె కాళ్ళ మాదిరి ఉండాయి" అన్నది.

ఇక మామ తనకు తోచిన దారులు వెతికాడు. మొదట ఇంటి కింద, పిల్లర్ల మధ్య నేలలో తవ్వాడు. మోకాలి లోతుకు ఉప్పునీళ్ళు ఊరినాయి. అక్కడే మట్టి పోసి దిబ్బ ఎత్తుదామనుకున్నాడు, కానీ నీళ్ళ దారికి అడ్డం కడితే వరద పిల్లర్లను తోస్తుంది. ఇరవై రెండు ఇళ్ళకు ఆయనే చెప్పిన మాట అది, తాను ఎట్లా తప్పుతాడు. చివరికి గుంటను దించడానికి లేకపోతే నేలనే లేపుదామని, గదిలో రెండున్నర అడుగుల ఎత్తుకు తాటి పలకలతో తిన్నె కట్టాడు. పలకలు తిరువాలంగాడు నుంచి తన బావమరిది పొలంలోవి తెచ్చుకున్నాడు. తిన్నె మధ్యలో గుంట వదిలాడు. మగ్గం తిన్నె మీదికి ఎక్కింది. అత్త పైకెక్కి కాళ్ళు దించి చూసి తల ఊపింది. ఆ రోజు మామ మా ఇంటికి వచ్చి, అడగకుండానే మా వాకిలి పగులు పూడ్చి పోయాడు.

పడుగు ఎక్కించి నేయడం మొదలు పెట్టిన రోజే పోగులు తెగినాయి. అతికే కొద్దీ తెగినాయి. దినానికి ఇరవై, ముప్పై. అత్త చెప్పేదాకా మామకు కారణం దొరకలేదు. నేల గుంటకు చెమ్మ ఉంటుంది. ఆ చెమ్మ కింద నుంచి మెల్లగా పడుగును పట్టి మెత్తగా ఉంచుతుంది. ఇక్కడ కింద చెక్క, ఆ కింద సిమెంటు, దాని కింద ఏడడుగుల గాలి. ఇటు కిటికీ నుంచి అటు కిటికీకి గాలి పోతూనే ఉంటుంది. పోగు పెళుసుగా అయిపోతుంది. మేము నీళ్ళకు భయపడి ఎక్కిన ఇల్లు ఆ కొంచెం చెమ్మను కూడా ఎక్కనివ్వలేదు.

మామ తిన్నె లోపల ఇసుక పోసి రోజూ తడిపాడు. ఉప్పునీళ్ళు పోస్తే పోగు మీద తెల్లగా పొర కడుతుంది కాబట్టి ట్యాంకరు నీళ్ళు కావాలి. తమ వంతుకు వచ్చే ఎనిమిది బిందెల్లో రెండు ఇసుకకు పోయేవి. కిటికీలకు గోనె సంచులు తడిపి కట్టాడు. ఆయన బిందె భుజాన పెట్టుకొని మెట్లెక్కుతుంటే చిన్నస్వామి తాత కింద వల అల్లుతూ కూర్చొని, "ఏం మేస్త్రీ, నీళ్ళ నుంచి తప్పించుకోను పైకెక్కినాము, నువ్వు నీళ్ళను వెంటబెట్టుకొని ఎక్కతా ఉండావే" అనేవాడు.

"ఏం చేసేది మామా, ఇంట్లో ఉండేది చేప" అనేవాడు ఈయన. లోపల నుంచి అత్త, తనకు వినబడిందని చెప్పడానికి, పేక నడిపే నాడెతో చెక్క మీద ఒక దెబ్బ కొట్టేది.

ఒకసారి మనస్వి ఇళ్ళు ఎట్లా ఉన్నాయో చూడటానికి వచ్చింది. తాను అంత ఆలోచించి పెట్టిన కిటికీలకు గోనె సంచులు వేలాడుతుంటే ద్వారంలోనే ఆగింది. ఒక సంచి ఆరిపోయి ఉంటే, బకెట్లో ముంచి పిండి, తానే మళ్ళీ కట్టింది. వెళ్ళేటప్పుడు మెట్ల మీద ఆమె కండ్లు తుడుచుకోవడం నేను చూశాను.

పాత ఇంట్లో అత్త రోజుకు ఒక మూర నేసేది. ఇక్కడ వారానికి నాలుగు వేళ్ళంత. అయినా నేస్తూ ఉంది. ఆకుపచ్చ చీర, కాఫీపొడి రంగు అంచు. ఎవరి కోసం అంటే, "ముందు అది అయితే కదా" అనేది. మామ మద్రాసు పని మానేశాడు. వరసలో ఎవరికైనా చిన్న పని ఉంటే చేసి, మధ్యమధ్యలో వచ్చి ఇసుకలో చెయ్యి పెట్టి చూసి పోయేవాడు. ఆ చీర పూర్తయితే ఈ ఇంట్లో ఆమె బతకగలదని ఆయనకు నమ్మకం. పూర్తి కాకపోతే తాను ఇచ్చిన చీటీ ఆమెను చంపినట్టే అని మా నాయనతో ఒకసారి అన్నాడు. మా నాయన, ఊరుకో మేస్త్రీ అన్నాడు.

తొమ్మిది నెలలకు సగం చీర అయింది. కార్తీకం వచ్చింది.

ఆ తుఫాను రెండు దినాలు ముందే చెప్పారు. పొన్నేరి స్కూలుకు రమ్మని వ్యాను పంపించారు. ఇళ్ళు గట్టివి కదా అని మేమంతా ఉండిపోయాము. ఇళ్ళు గట్టివే. నీళ్ళు ఆరడుగులు వచ్చి పిల్లర్ల మధ్య నుంచి వెళ్ళినాయి, ఒక్క పిల్లరు కదల్లేదు. కానీ గాలికి సముద్రం వైపు మూడిళ్ళ పెంకులు లేచిపోయి, ఆ ఇళ్ళవాళ్ళు తాడు పట్టుకొని మామ ఇంటికి వచ్చారు. మా గది కూడా తడిసిపోతే మేమూ అక్కడికే పోయాము. మొత్తం ఇరవై ముగ్గురం. అందులో చిన్నస్వామి తాత మనవరాలు అభినయ ఉంది. కాన్పయి తొమ్మిదో రోజు.

బియ్యం ఉంది. రెండో రోజు సాయంత్రానికి గ్యాసు సిలిండరు అయిపోయింది. కట్టెలు ఇంటి కింద పేర్చినవి ఎప్పుడో కొట్టుకుపోయినాయి. ఆ ఇళ్ళలో మండేది ఏదీ లేదు. తలుపు రేకు, కిటికీ సిమెంటు, కుర్చీ ప్లాస్టిక్. మామ గోడ పక్కన మూడు ఇటుకలు పెట్టి పొయ్యి చేసి, మగ్గం గది మూలకు జరిపి, తిన్నె పలకలు ఒక్కొక్కటే పీకి విరిచి పెట్టాడు. కింది వైపు పలకలన్నీ తడి ఇసుకలో నానినవే, పొగ తప్ప మంట రాలేదు. ఎండిన నాలుగు పలకలతో ఆ రాత్రికి గంజి అయింది. మూడో రోజు ఉదయానికి అవీ లేవు. పడవ రాలేదు. అభినయకు చలిజ్వరం మొదలయింది, పాలు పడటం లేదు, బిడ్డ ఏడ్చి ఏడ్చి గొంతు పోయి ఊరికే నోరు తెరుస్తూ ఉంది. ఆమెకు వేడిగా ఏదైనా తాగించాలని చిన్నస్వామి తాత భార్య అందరి ముఖాలూ చూస్తూ అడిగింది. అందరం మూలకు చూసి, చూపు తిప్పుకున్నాము. అక్కడ మగ్గం ఉంది. ఎండిన పాత టేకు.

వాన కొంచెం తగ్గితే, తాగే నీళ్ళు పట్టడానికి మా అమ్మ నన్నూ పిల్లలనూ స్లాబు మీదికి తీసుకుపోయింది. దుప్పటి నాలుగు కొసలు పట్టుకొని నిలబడ్డాము. మిగతా ఆడవాళ్ళు గాలి తగలకుండా తలుపు మూసుకొని పక్క గదిలో అభినయ చుట్టూ ఉన్నారు. మగవాళ్ళు పడవ కనబడుతుందేమో అని పక్క ఇంటి స్లాబు మీదికి తాడు కట్టుకొని పోయి ఉన్నారు. కింద నుంచి దెబ్బ వినబడింది. మళ్ళీ ఒకటి. మా అమ్మ దుప్పటి కొస వదల్లేదు గానీ కండ్లు మూసుకుంది.

మేము దిగేసరికి మగ్గం ముక్కలై ఉంది. ఆకుపచ్చ చీర దోనె కర్రకు చుట్టినది చుట్టినట్టే విడిగా గోడకు ఆనించి ఉంది, పడుగు పోగులు కొసలు తెగి వేలాడుతున్నాయి. అత్త పొయ్యి ముందు కూర్చొని ఊదుతోంది. మామ ఎదురు గోడకు చేరగిలబడి ఉన్నాడు. గొడ్డలి ఆయన కాళ్ళ దగ్గర ఉంది. మగవాళ్ళు తిరిగి వచ్చి ద్వారంలో నుంచి చూసింది అదే.

ఆ కొయ్య రెండు దినాలు వచ్చింది. గంజి అయింది, బాలింతకు కాపడం పెట్టడానికి వేడినీళ్ళు అయినాయి, బిడ్డకు పాలు పడినాయి. ఆ బిడ్డ ఇప్పుడు మా మెట్ల మీద పాకుతూ ఎక్కుతుంది. అందరమూ తాగాము. నేనూ తాగాను.

అయిదో రోజు పడవ వచ్చింది. దాంట్లో పొన్నేరి నుంచి మా కులం పెద్దాయన సుబ్రమణ్యం, అన్నం పొట్లాలతో వచ్చాడు. పొయ్యిలో సగం కాలిన మగ్గం కాలు చూసి పొట్లాల సంచి కింద పెట్టాడు. ఇది ఎవరు చేసిన పని అని అడిగాడు. ఆయన అడగడం పూర్తి కాక ముందే మామ, "నేనే" అన్నాడు. పెద్దాయన పొట్లాలు పంచుతూ వచ్చి, మామ దగ్గరికి వచ్చినప్పుడు పొట్లం చేతికివ్వకుండా నేల మీద పెట్టాడు.

మర్నాడే బస్సు ఎక్కించాడనేది అబద్ధం. అత్త నెలకు పైనే ఉంది. తరువాత ఒక ఉదయం సంచి తీసుకొని మెట్లు దిగి, మా అమ్మతో వస్తానని చెప్పి, తిరుత్తణిలో ఉన్న కూతురు సుగంధి దగ్గరికి పోయింది. మామ పొన్నేరి దాకా వెంట పోయి సాయంత్రానికి ఒక్కడే వచ్చాడు. ఆయన ఎందుకు పోలేదంటే, ఆ ఇళ్ళకు ఒక షరతు ఉంది. ఆరు నెలలు తాళం వేసి ఉంటే ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఆ ఇల్లు వదిలితే వాళ్ళకు భూమ్మీద వేరే చోటు లేదు.

పోయిన ఆడి కృత్తిక తిరునాళ్ళకు అమ్మా నేనూ తిరుత్తణి పోయాము. కొండ ఎక్కి దిగి, కావళ్ళ గుంపులో నలిగి, సుగంధక్క వాళ్ళ షెడ్డు వెతుక్కున్నాము. రెండు పవర్ లూములు ఆడుతుంటే లోపల మాట వినబడదు. గోవిందమ్మత్త ఒక పక్కన నేల మీద కాళ్ళు చాపుకొని నూలు కండెలు చుడుతోంది. చిక్కిపోయింది. మేస్త్రి తింటా ఉండాడా అని మొదట అడిగింది. తింటున్నాడని అమ్మ చెప్పింది. అమ్మ సుగంధక్కతో టీ పెట్టడానికి ఇంట్లోకి పోయినాక, అత్త మిషను ఆపమని అల్లుడికి సైగ చేసింది. అంత చప్పుడు ఒక్కసారిగా ఆగిపోతే నాకు చెవులు మూసుకుపోయినట్టు అయింది.

ఊర్లో ఏమనుకుంటా ఉండారు పాపా, అని అడిగింది. ఆమెకు తెలుసు. ఇక్కడి చుట్టాలు కూడా అదే మాట చెప్పుకుంటున్నారని, ఆడబిడ్డ కొడుకు పెండ్లికి తనను పిలిచి మామను పిలవలేదని చెప్పింది. తాను పోలేదంది. మేము స్లాబు మీద ఉన్నప్పుడు కింద ఏం జరిగిందో చెప్పింది.

"కొలత ఇచ్చింది నేను, నరికింది కూడా నేనే అనుకోనీ అన్నాడు మీ మామ. నీ చేతిని పడుగు ముట్టనీరు, నాదైతే తాపీ పట్టే చెయ్యి, నాకేమి పోతుంది అన్నాడు. సుగంధి మీద ఒట్టు పెట్టించుకున్నాడు." కండె చుట్టడం ఆపలేదు. "ఇప్పుడు ఈ చేత్తో నేను ముట్టేది మిషను పోగు. దీనికి ఎవరు ముట్టినా ఒకటే. ఆ ఒట్టు నాకేమీ కాదులేమ్మా, చెప్పుకో అని సుగంధే అనేసింది. నువ్వు ఎవరికైనా చెప్పుకో."

మరి ఎందుకు వచ్చేశావత్తా అని అడిగాను. చుట్టిన కండె పక్కన పెట్టి చెప్పింది.

"నేను ఊరికే కూర్చుంటే ఆయప్ప కూడా పని మానుకొని నా ఎదురుగా కూర్చుంటాడు. ఇద్దరమూ అట్ల కూర్చుంటే ఇంక ఏముంది."

టీ వచ్చింది. తాగినాము. అల్లుడు మిషను మళ్ళీ వేశాడు. బస్సులో అమ్మ నిద్రపోయింది, నేను తిరువళ్ళూరు దాకా కిటికీలో నుంచి చూస్తూనే కూర్చున్నాను.

దేవసేనక్క ఇప్పటికీ ట్యాంకరు దగ్గర ఆ మాట చెప్తుంది, కొత్తగా వచ్చినవాళ్ళకు. మామ వరసలో నిలబడి ఉన్నా గొంతు తగ్గించదు. ఆయన బిందె నింపుకొని పోతాడు.

ఆ రోజు పడుగును కత్తెరతో కోసి, చీరను పక్కన పెట్టి, గొడ్డలి ఎత్తింది గోవిందమ్మత్త. ఏకాంబరం మామ మగ్గాన్ని కౌగలించుకొని, వద్దని ఏడుస్తూ ఉన్నాడు.